పాత ఫార్మాట్‌కు రెండిళ్ల మర్యాద

నేను వ్యాసాలు పంపే ప్రెస్సు ఒకటి బెజవాడలో ఉంది. అక్కడ కంప్యూటర్ దగ్గర కూర్చునే అబ్బాయి 2008లో ఒకరోజు ఫోన్ చేసి, "సార్, మీ ఫైలు తెరుచుకోవట్లేదండి, డాక్‌లో పంపండి" అన్నాడు. నేను పంపింది డాకే అనుకున్నాను. కాదట, చివర ఒక ఎక్స్ ఉందట. కొత్తగా వేయించుకున్న వర్డ్ 2007 నన్ను అడక్కుండానే ఆ ఎక్స్ తగిలించింది. వాళ్ల దగ్గరేమో ఆఫీస్ 2003. ఆ సాయంత్రమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఇకమీదట పుట్టే ప్రతి ఫైలూ పాత ఫార్మాట్‌లోనే పుట్టాలని మార్చేశాను. కొన్నేళ్లకు ఇంట్లో రెండో కంప్యూటర్‌లో లిబ్రెఆఫీస్ వేసుకున్నప్పుడు అక్కడా అదే పని చేశాను.

అలా ఒకే కోరికను రెండు ఇళ్లలో కోరాను. రెండూ తీర్చాయి. తీర్చిన తీరు మాత్రం వేరు. ఎవరిది గొప్ప అని తేల్చడం నా ఉద్దేశం కాదు, రెండిళ్ల ఉప్పూ తిన్నవాణ్ని. పెద్దలొస్తే ఏ ఇల్లు ఏ మర్యాద చేస్తుందో చూడటమే ఇక్కడ పని.

వర్డ్‌ని పాఠకులకు పరిచయం చేయక్కర్లేదు. మన ఎండీవో ఆఫీసు నుంచి అమెరికాలో పిల్లల ఇంటి దాకా అదే. రెండో ఇంటి గురించే నాలుగు మాటలు చెప్పాలి. జర్మనీలో పుట్టిన స్టార్‌ఆఫీస్‌ని 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది. మరుసటి ఏడాది దాని సోర్స్‌కోడ్‌ను లోకానికి విడిచిపెట్టింది. అదే ఓపెన్‌ఆఫీస్. 2010లో అందులోంచి వేరుకాపురం పెట్టింది లిబ్రెఆఫీస్. దీనికి సొంత ఫార్మాట్ ఓడీఎఫ్ ఉంది. 2005లో ఒయాసిస్ సంస్థ, 2006లో ఐఎస్‌వో దాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నాయి. వర్డ్ వాళ్ల కొత్త ఫార్మాట్‌కు ఐఎస్‌వో ముద్ర పడింది 2008లో. ఆ ఓటింగ్‌లో మన దేశం తరఫున బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వద్దనే చెప్పింది. ఆ తగువు పెద్దది, దాన్ని ఇక్కడ తవ్వను.

వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్ అని లోపలికి వెళ్తే ఏ ఫార్మాట్‌లో సేవ్ చేయాలో అడిగే చిన్న జాబితా ఉంటుంది. అందులో వర్డ్ 97-2003 ఎంచుకుంటే సరి. లిబ్రెఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, లోడ్-సేవ్, జనరల్. అక్కడా అలాంటి జాబితానే. ఇంతవరకూ కవలలే. తేడా ఆ కిటికీ మూసి కొత్త ఫైలు తెరిచిన క్షణంలో మొదలవుతుంది.

వర్డ్ కొత్త తెల్లకాగితం ఇస్తూనే పైన, ఫైలు పేరు పక్కన, కంపాటిబిలిటీ మోడ్ అని రాసిపెడుతుంది. ఒక్క అక్షరమైనా కొట్టకముందే అది అక్కడ ఉంటుంది. ఇన్సర్ట్‌లోకి వెళ్లి గణిత సమీకరణం పెడదామంటే ఆ బటన్ బూడిదరంగులో పడుకుని ఉంటుంది. పాత డాక్‌లో దానికి చోటు లేదు కాబట్టి ముందే చేతికి అందకుండా పైన పెట్టేశారన్నమాట. ఇంట్లో మడి కట్టుకున్న మామ్మ ఉన్నప్పుడు పిల్లల్ని గడపలోనే ఆపినట్టు. అది రోజూ జరుగుతుంది, ప్రతి ఫైలుకూ జరుగుతుంది. మీరు మర్చిపోదామన్నా వర్డ్ మర్చిపోనివ్వదు.

లిబ్రెఆఫీస్‌లో అలా కాదు. డిఫాల్ట్‌ని పాత వర్డ్‌కి మార్చినా కొత్త కాగితం ఎప్పటిలాగే వస్తుంది. పైన ఏ మాటా ఉండదు, ఏ బటనూ మసకబారదు. లోపల అది తన సొంత పద్ధతిలోనే రాసుకుంటూ పోతుంది. సేవ్ నొక్కినప్పుడు మాత్రం పాత డాక్‌లోకి దిగుతుంది. దిగేటప్పుడు పట్టనివి వదిలేస్తుంది. మామూలుగా సొంత ఫార్మాట్ కాక వేరేదాంట్లో సేవ్ చేస్తే, ఇందులో కొన్ని నిలవకపోవచ్చు, అయినా ఇదే కావాలా అని అడిగే అలవాటు దానికుంది. కానీ ఆ హెచ్చరిక సొంత ఫార్మాటూ, డిఫాల్ట్ ఫార్మాటూ రెండూ కానప్పుడే వస్తుంది. పాత డాక్‌నే డిఫాల్ట్ చేస్తే ఇక అడగదు. అంటే మనం ఫార్మాట్‌తోపాటు దాని నోరు కూడా మూయించామన్నమాట. అయితే చెప్పకుండా మాత్రం పోదు. సెట్టింగ్ మార్చే ఆ కిటికీలోనే, దీన్ని డిఫాల్ట్ చేస్తే సమాచారం కొంత పోవచ్చు అన్న వాక్యం ఒకటి కనిపిస్తుంది. ఒక్కసారి. చదివితే చదివారు, లేకపోతే లేదు.

ఇద్దరూ నిజమే చెబుతారు. ఒకరు రోజూ చెబుతారు, ఇంకొకరు పెళ్లిరోజున ఒకసారి చెప్పి ఊరుకుంటారు.

తెలుగువాళ్లకు ఈ తేడా కొత్త కాదు. గ్రాంథికం తప్పనిసరిగా ఉన్న రోజుల్లో రాసేవాళ్లు రెండు రకాలుగా నెట్టుకొచ్చారు. కొందరు కలం పట్టగానే గ్రాంథికంలోనే ఆలోచించేవారు. ఆ వ్యాకరణానికి లొంగని మాట అసలు మనసులోకే రానిచ్చేవారు కాదు. మరికొందరు నోటికొచ్చిన వాడుకభాషలో రాసుకుని, పత్రికకో పరీక్షకో పంపే ముందు క్రియాపదాలు దిద్ది, అరసున్నలు అద్ది గ్రాంథికం చేసేవారు. మొదటి రకం రాతలో అతుకులు కనపడవు, కానీ ఏం వదులుకున్నారో వాళ్లకే తెలియదు. రెండో రకానికి ఆలోచన స్వేచ్ఛగా సాగుతుంది, దిద్దేటప్పుడే ప్రాణం పోతుంది. వర్డ్ మొదటి రకం, లిబ్రెఆఫీస్ రెండో రకం. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు వారు ఈ రెంటినీ చూసి ఏమనేవారో ఊహించగలం గానీ, పాత ప్రెస్సువాడి ఇబ్బందిని కూడా ఆయన అర్థం చేసుకునేవారనే నా నమ్మకం.

వ్యాసాల్లో ఈ తేడా వల్ల పోయేది తక్కువ. మహా అయితే ఒక సమీకరణం బొమ్మగా మారుతుంది. లెక్కల దగ్గరికొస్తే కథ వేరు. ఎక్సెల్ పాత ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరసలు, 256 నిలువు గళ్లు. కొత్తదానిలో 10,48,576 వరసలు, 16,384 గళ్లు. డిఫాల్ట్‌ని పాతదానికి మారిస్తే ఎక్సెల్ కొత్త షీటును 65,536 దగ్గరే గోడ కట్టి ఇస్తుంది. కంట్రోల్ పట్టుకుని కింది బాణం నొక్కండి, అక్కడ ఆగిపోతుంది. లిబ్రెఆఫీస్ కాల్క్ మాత్రం పాత డిఫాల్ట్ పెట్టినా పది లక్షల పైచిలుకు వరసల పొలాన్ని అలాగే పరిచిపెడుతుంది. గోడ దానికి సేవ్ దగ్గరే గుర్తొస్తుంది.

ముందే గోడ కట్టడమే నయం అనిపిస్తుంది కదా. 2020లో ఇంగ్లండ్‌లో జరిగింది చూస్తే అదీ పూర్తి నిజం కాదు. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు అక్కడ 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలో చేరలేదు. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ సంస్థ ల్యాబుల నుంచి వచ్చే ఫలితాలను ఆటోమేటిక్‌గా ఎక్సెల్ ఫైళ్లలోకి తీసుకునేది. ఆ ఫైళ్ల ఫార్మాట్ పాతది, ఎక్స్‌ఎల్‌ఎస్. ఒక్కో కేసుకు అనేక వరసలు పట్టేవి కాబట్టి 65,536 వరసలున్నా ఒక్కో ఫైలులో పట్టింది సుమారు 1,400 కేసుల చొప్పునే. మిగతావి గోడ అవతల పడిపోయాయి. పాజిటివ్ వచ్చినవాళ్లకు ఫలితం అందింది గానీ, వాళ్లను కలిసిన మనుషుల్ని వెతికే పని ఆలస్యమైంది. తెర ముందు మనిషి కూర్చుంటే గోడ కనపడేది. రాత్రీ పగలూ తనంతట తాను నడిచే ప్రోగ్రామ్ కంపాటిబిలిటీ మోడ్ అన్న మాటను చదవదు కదా. తమాషా ఏమిటంటే, అదే బ్రిటన్ ప్రభుత్వం 2014 జులైలోనే, మార్చుకుంటూ పంచుకునే పత్రాలకు ఓడీఎఫ్‌ని ప్రమాణంగా ప్రకటించింది. ప్రకటనకూ, ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేసిన టెంప్లేట్‌కూ మధ్య ఎంత దూరమో ఆ ఆరేళ్లు చెబుతాయి.

వ్యాసానికి పాత ఫార్మాట్‌ని డిఫాల్ట్ చేస్తే మర్యాద. లెక్కకు చేస్తే ప్రమాదం. ఈ మాట నేను రెండిళ్ల గురించీ అంటున్నాను.

ఫైళ్లనే విప్పి చూద్దాం. పాత డాక్‌ని ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి బైట్లు డీ0 సీఎఫ్ 11 ఈ0 అని ఉంటాయి. సున్నాని ఓ అనీ, ఒకట్లను ఐ, ఎల్ అనీ చదువుకుంటే డాక్‌ఫైల్ అనే ఇంగ్లిష్ మాట వస్తుంది. ఇంజనీర్ల కొంటెతనం. లోపల అది ఫైలు కాదు, ఒక చిన్న హార్డ్‌డిస్క్. గదులు, గదుల జాబితా, ఏ గదిలో ఏముందో చెప్పే చిట్టా. ఆనాటి కంప్యూటర్ల నెమ్మదికి సరిపోయేలా, మొత్తం ఫైలును తిరగరాయకుండా మారిన ముక్క మాత్రమే రాసుకునేందుకు చేసిన ఏర్పాటు. డాక్ఎక్స్ మొదటి రెండు అక్షరాలు పీకే. జిప్‌ని సృష్టించిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి. పేరు చివర డాక్ఎక్స్ తీసి జిప్ అని పెడితే మూట విప్పుకుంటుంది, లోపల మామూలు ఎక్స్ఎంఎల్ కనిపిస్తుంది. అందులో మన తెలుగు మాటలు కంటికి ఆనతాయి కూడా. లిబ్రెఆఫీస్ సొంత ఫైలు ఓడీటీ కూడా అంతే. అదీ జిప్ మూటే, దాని కడుపులోనూ ఎక్స్ఎంఎల్లే. ఈ విషయంలో కొత్త వర్డ్‌కి పాత వర్డ్ కంటే లిబ్రెఆఫీసే దగ్గరి చుట్టం.

"ప్రేమ" అని రాయండి. యూనికోడ్‌లో అది అయిదు సంకేతాలు: ప, పొల్లు, ర, ఏత్వం, మ. పాత డాక్ ఒక్కోదానికి రెండు బైట్లు ఇచ్చి పదింటిలో దాచుకుంటుంది. డాక్ఎక్స్, ఓడీటీ రెండూ ఒక్కోదానికి మూడు చొప్పున పదిహేను రాసి, ఆపైన జిప్ చేసి నొక్కేస్తాయి. అంటే మూట కట్టే దాకా తెలుగుకు పాత డాకే చవక. ఇది చాలామందికి తట్టదు. ఇంకో పోలిక: రెండిళ్లలోనూ తెలుగుకు వేరే పంక్తి. వర్డ్ దాన్ని కాంప్లెక్స్ స్క్రిప్ట్ అంటుంది, లిబ్రెఆఫీస్ కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అంటుంది. ఫాంటు కూడా ఇంగ్లిష్‌కి ఒకటి, మనకొకటి విడిగా పెట్టాలి. అన్నం ఒకటే, విస్తరి వేరు.

కొత్త ఫార్మాట్లు పాతవాటిని వదిలించుకున్నాయా అంటే అదీ లేదు. డాక్ఎక్స్ ప్రమాణం మొదటి ప్రచురణ ఆరు వేల పేజీలు దాటింది. అందులో వర్డ్ 95 లాగా ఖాళీలు వదులు, వర్డ్ 97 నియమాల ప్రకారం పంక్తులు విరువు అని చెప్పే గుర్తులు కూడా ఉన్నాయి. కొత్త ఇంటి దేవుడి గదిలో తాతల ఫొటోలన్నమాట. లిబ్రెఆఫీస్ ఇంట్లోనూ అదే భక్తి, రూపం వేరు. అది ఇతరుల పాత ఫార్మాట్‌తోపాటు తన సొంత ఓడీఎఫ్ పాత వెర్షన్లలో కూడా రాయగలదు, అదే సెట్టింగ్స్ కిటికీలో.

ఈ భక్తి ఎంతదాకా పోతుందో చూడాలంటే తేదీల దగ్గరికి రావాలి. లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రామ్ 1900ని పొరపాటున లీపు సంవత్సరమనుకుంది. దాని ఫైళ్లతో లెక్క కుదరాలని ఎక్సెల్ ఆ పొరపాటును పట్టుకొచ్చింది. ఇవాళ్టికీ ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 అనే రోజు ఉంది. పెద్దాయన తప్పు లెక్క చెప్పినా ఎదురు చెప్పని కొడుకు. కాల్క్‌లో ఆ రోజు లేదు, అక్కడ లెక్క సరిగ్గానే ఉంటుంది. కానీ దాని సున్నా రోజు 1899 డిసెంబర్ 30. అలా ఒకరోజు వెనక్కి జరిగినందువల్ల 1900 మార్చి 1 నుంచి దాని అంకెలు ఎక్సెల్ అంకెలతో తుచ తప్పకుండా కలుస్తాయి. ఒకరు పెద్దవాళ్ల తప్పును నిజమని ఒప్పుకున్నారు. ఇంకొకరు ఒప్పుకోకుండానే తన మొదలును జరుపుకుని వాళ్లతో కలిసి నడిచారు. పంచాంగం చూసే అలవాటున్న నాకు రెండోదే కాస్త ముచ్చటగా అనిపించింది. ఇంత జాగ్రత్తగా పొత్తు కుదుర్చుకునే ఇల్లు, సేవ్ దగ్గర మాత్రం ఎందుకంత మౌనమో.

పెద్ద ఆఫీసుల్లో వందల కంప్యూటర్లకు ఒకేసారి ఈ మార్పు చేసేవాళ్లకు ఇంకో తమాషా కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఇంట్లో ఎక్సెల్‌కీ పవర్‌పాయింట్‌కీ అంకెలు: ఎక్సెల్ రిజిస్ట్రీలో పాత ఫార్మాట్ 56, కొత్తది 51. పవర్‌పాయింట్‌లో పాతది సున్నా. లిబ్రెఆఫీస్ తన సెట్టింగ్స్ ఫైలులో ఎంఎస్ వర్డ్ 97 అని పేరు పెట్టి పిలుస్తుంది. చుట్టం పేరే రాసుకుంటుంది, నంబరు కాదు.

ఇక పెరటి గుమ్మం సంగతి. ఇన్ని సెట్టింగ్స్ మార్చాక డెస్క్‌టాప్ మీద రైట్‌క్లిక్ చేసి న్యూ, వర్డ్ డాక్యుమెంట్ అనండి. వచ్చేది డాక్ఎక్సే. ఎందుకంటే ఆ మెనూ వర్డ్ మాట వినదు, విండోస్ రిజిస్ట్రీలో షెల్‌న్యూ అనే వేరే చోట రాసున్నది వింటుంది. లిబ్రెఆఫీస్‌దీ అదే తంతు. డిఫాల్ట్ ఏదైనా సరే, రైట్‌క్లిక్‌తో పుట్టేది ఓడీటీ. వీధి గుమ్మానికి మామిడాకులు కట్టి, పెరటి గుమ్మం మర్చిపోయిన ఇళ్లు రెండూ. నెలలపాటు నేను పాత ఫార్మాట్‌లోనే రాస్తున్నాననుకున్న ఫైళ్లలో సగం ఇలా పుట్టినవే.

మన అచ్చు లోకంలో ఈ డాక్, డాక్ఎక్స్ తగువంతా పైపొర మాత్రమే అన్న మాటా చెప్పాలి. ప్రెస్సువాళ్లు నా యూనికోడ్ వ్యాసాన్ని తెరిచి, దాన్ని అను ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్‌లో పోసుకునేవారు. అనులో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ గిలుకుడు తప్ప ఇంకేం కనపడదు. అది అసలైన పాత ఫార్మాట్. దాన్ని డిఫాల్ట్ చేసే జాబితా వర్డ్‌లోనూ లేదు, లిబ్రెఆఫీస్‌లోనూ లేదు.

పాత డాక్ మీద ఒక ఫిర్యాదు రెండిళ్లకూ వర్తిస్తుంది. డాక్ఎక్స్‌లో మాక్రోలు, అంటే ఫైల్లోనే నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు, ఉండవు, మాక్రో ఉంటే పేరు చివర డాక్ఎం అని తెలిసిపోతుంది. పాత డాక్‌లో ఉన్నదీ లేనిదీ పేరు చూసి చెప్పలేం. అందుకే డాక్ అటాచ్‌మెంట్ వస్తే అనుమానంగా చూసేవాళ్లున్నారు. మనం మర్యాదనుకుని పంపింది అవతలివాళ్ల గుమ్మం దగ్గర సోదాకి నిలబడుతుంది.

కాబట్టి ఇప్పుడు నా అభిప్రాయం ఇది: ఫైలు తన కాలం ఫార్మాట్‌లోనే పుట్టాలి. అవసరమైనవాళ్లకు పంపేటప్పుడు పాత దాంట్లో ఒక నకలు తీయాలి. తప్పనిసరై పాతదాన్నే డిఫాల్ట్ చేయాల్సి వస్తే, మతిమరుపు వాళ్లు వర్డ్‌లో చేసుకోండి, రోజూ గుర్తుచేస్తుంది. జాగ్రత్తపరులు లిబ్రెఆఫీస్‌లో చేసుకోండి, రాసేటప్పుడు చేతులు కట్టెయ్యదు. లెక్కల షీట్లకు ఎవరూ ఎక్కడా చేయొద్దు.

ఆఫీస్ 2003కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. నా సెట్టింగ్ మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది. ఈ వ్యాసం మొదలుపెట్టాక అనుమానమొచ్చి ప్రెస్సుకి ఫోన్ చేశాను. ఆ అబ్బాయే ఎత్తాడు, ఇప్పుడు మేనేజరు. "మేం కొత్త ఆఫీసు వేయించి ఎన్నేళ్లో అయింది సార్. మీ దగ్గరే పాతది ఉందేమో, ఇబ్బంది పెట్టడమెందుకని మేమే అడగలేదండి" అన్నాడు. రెండు కంప్యూటర్లలోనూ సెట్టింగ్ తిరిగి మార్చడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.